టిన్ను మాంసం ప్రోటీన్ కోసం తినొచ్చా? లేబుల్ చదివినవాళ్లు చెప్పండి

డాలస్_బ్యాచిలర్:
అందరికీ నమస్తే. మా రూమ్మేట్ సేల్‌లో దొరికాయని స్పామ్ టిన్నులు ఒక కేసు మొత్తం ఎత్తుకొచ్చాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, పంది మాంసాన్ని మెత్తగా చేసి ఉప్పు కలిపి చిన్న నలుచదరపు టిన్నులో పెట్టి ఉడికించేస్తారు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. వాడు జిమ్‌లో చేరాడు. రోజూ రాత్రి సగం టిన్ను ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా వేయించి అన్నంలో పెట్టుకుని "ఇది ప్యూర్ ప్రోటీన్ రా" అంటున్నాడు. టిన్ను వెనక చూస్తే ప్రోటీన్ 7 గ్రాములు, 180 కేలరీలు అని ఉంది. 7 గ్రాములంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డు కదా, అందులో ప్యూర్ ఏముందో నాకు అర్థం కాలేదు. నన్ను కూడా తినమని పోరుతున్నాడు. తినాలా మానాలా? వంట చేసే ఓపిక మా ఇద్దరికీ లేదు, అది ముందే చెప్తున్నా.

పప్పుచారు_ప్రియుడు:
కందిపప్పు కుక్కర్లో పడేస్తే మూడు విజిల్స్. దానికి కూడా ఓపిక లేదట, జిమ్‌కి మాత్రం ఉందట.

లేబుల్_లక్ష్మి:
తమ్ముడూ, నువ్వు చూసిన అంకెలు కరెక్టే, కానీ అవి సగం టిన్నువి కావు. ఆ పట్టీలో అన్నిటికన్నా పైన సర్వింగ్ అని రాసి ఉంటుంది చూడు, 56 గ్రాములు. టిన్ను మొత్తం 340 గ్రాములు. అంటే ఆ దిమ్మను పళ్లెంలో బోర్లించి సమానంగా ఆరు ముక్కలు కోస్తే అందులో ఒక్క ముక్కకు చెప్పిన లెక్క అది. ఒక్క ముక్క తిని ఆపేవాళ్లు ఎవరో నాకైతే తెలియదు, అసలు రింగు పట్టుకుని లాగేశాక ఆ టిన్నుకి తిరిగి పెట్టే మూతే ఉండదు.

ఆ ఒక్క ముక్కలో ఏముందంటే: 180 కేలరీలు, కొవ్వు 16 గ్రాములు, అందులో శాచురేటెడ్ 6, ప్రోటీన్ 7, సోడియం 790 మిల్లీగ్రాములు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు కాబట్టి 16 గ్రాములకి 144. అంటే 180లో 144 కొవ్వు నుంచే వస్తున్నాయి, నూటికి 80. ప్రోటీన్ వాటా 28 కేలరీలు. మీవాడు ప్రోటీన్ అనుకుని తింటున్నది ప్రధానంగా కొవ్వు.

ఇక సగం టిన్ను అంటే మూడు ముక్కలు: 540 కేలరీలు, 48 గ్రాముల కొవ్వు, 21 గ్రాముల ప్రోటీన్, 2,370 మిల్లీగ్రాముల సోడియం. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది, అంటే దాదాపు 6 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ చెప్తోంది, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే 5. మీవాడు ఒక్క రాత్రి భోజనంలోనే దాన్ని దాటేస్తున్నాడు, అదీ మధ్యాహ్నం తిన్న పీజ్జా, పచ్చడి వగైరా కలపకుండా.

అదే 21 గ్రాముల ప్రోటీన్ మూడున్నర గుడ్లలో వస్తుంది. 245 కేలరీలు, సోడియం కూడా దాదాపు 245. గుడ్డు ఉడకబెట్టడానికి కూడా ఓపిక లేదంటే ఇక నేనేం చెప్పలేను.

డాలస్_బ్యాచిలర్:
అక్కా, ఆరు ముక్కల సంగతి నిజంగా గమనించలేదు. వాడికి ఈ పోస్టు చూపించా. "అయితే లైట్ రకం కొంటా" అన్నాడు. తక్కువ ఉప్పు రకం కూడా ఉందట కదా, అది ఫర్లేదా?

లేబుల్_లక్ష్మి:
తక్కువ సోడియం రకంలో తగ్గేది పావు వంతు. 790 కాస్తా 600కి అటూ ఇటూ అవుతుంది, కొవ్వూ కేలరీలూ మాత్రం అలాగే ఉంటాయి. లైట్ రకంలో ముక్కకి 110 కేలరీలు, కొవ్వు 8 గ్రాములు, అది నయమే. కానీ మీవాడు "లైట్ కదా" అని టిన్ను మొత్తం తినేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కువైట్_మామ:
తమ్మీ, మాది జగిత్యాల దగ్గర, చానా ఏండ్ల సంది కువైట్‌లో ఉంటున్నా. ఇక్కడ పంది మాంసం అమ్మరు, నిషేధం. అందుకని చికెన్ లంచన్, బీఫ్ లంచన్ (స్పామ్ లెక్కనే ముద్ద చేసిన మాంసం), కార్న్‌డ్ బీఫ్ (ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం) టిన్నులు ఉంటయి. రూములో ఎనిమిది మందిమి, పొయ్యి ఒక్కటే, డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతది. కింద బకాలాకి (కిరాణా కొట్టుకి) పోయి ఒక చికెన్ లంచన్ టిన్ను, నాలుగు ఖుబూస్‌లు (అరబ్బు రొట్టెలు) తెచ్చుకుంటే ఇద్దరి కడుపు నిండుతది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయిస్తే రుచి బాగనే ఉంటది, అబద్ధం ఎందుకు చెప్పాలె. పోయినసారి మెడికల్‌లో నాకు బీపీ ఎక్కువ వచ్చింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నడు. నేను కూరలో ఉప్పు తగ్గించిన గానీ ఈ టిన్ను సంగతి ఎవ్వరూ అడగలే. చికెన్ అయితే ఫర్లేదు కదా అనుకున్నా. మీరు చెప్పేది చూస్తే చికెన్‌దైనా అంతేనా?

రిటార్ట్_రాజు:
మామా, చికెన్ అన్న మాటకన్నా దాని పక్కన ఏం రాశారన్నది ముఖ్యం. నేను టిన్నుల్లో చేపలు, రొయ్యలు నింపే ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. లేబుల్ మీద పదార్థాలు ఎప్పుడూ బరువు వరుసలోనే రాస్తారు, ఎక్కువున్నది ముందు. మీ చికెన్ లంచన్‌లో మొదటి పేరు "మెకానికల్లీ డీబోన్డ్ చికెన్" అయితే అది బ్రెస్టూ కాదు, లెగ్గూ కాదు. మంచి మాంసం కోసుకున్నాక ఎముకలకి అంటుకుని మిగిలినదాన్ని యంత్రంలో జల్లెడ గుండా నొక్కి తీసిన ముద్ద. తినడానికి పనికిరానిదేం కాదు, కానీ మామూలు చికెన్ ముక్క కన్నా కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ. రెండో పేరు నీళ్లు, మూడోది సోయా ప్రోటీనో స్టార్చో అయితే మీరు మాంసం ధరకి నీళ్లూ పిండీ కొంటున్నట్టు.

స్పామ్ విషయంలో ఆ మాట అనడానికి లేదు. మామూలు రకంలో ఉండేవి ఆరే: పంది మాంసం, ఉప్పు, నీళ్లు, బంగాళదుంప స్టార్చ్, చక్కెర, సోడియం నైట్రైట్ (మాంసం పాడవకుండా, గులాబీ రంగు పోకుండా కలిపే లవణం). స్టార్చ్ ఎందుకంటే ఉడికేటప్పుడు మాంసం వదిలే నీటిని పట్టి ఉంచడానికి. అది తక్కువైతే టిన్ను తెరవగానే పైన జిగటగా జెల్లీ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. టిన్నులో సంవత్సరాల తరబడి నిల్వ ఉంటుంది కాబట్టి మందులు కలుపుతారని చాలామంది అనుకుంటారు. ట్యూనా టిన్ను చూడండి, చేప, నీళ్లు, ఉప్పు, అంతే. నిల్వ ఉంచేది వేడి. టిన్నుని సీలు చేశాక రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ పాత్రలో పెట్టి, టిన్ను నడిమధ్యలో ఉన్న ముక్కకి కూడా 121 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలకు సమానమైన వేడి తగిలేలా ఉడికిస్తారు. ఆ లెక్క బోట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి, చావడానికి పెట్టుకున్నది. లంచన్ మీట్ లాంటివాటికి అంత వేడి పెడితే ముద్ద విడిపోయి రుచి పాడవుతుంది, అందుకని వేడి కొంచెం తగ్గించి, ఉప్పూ నైట్రైటూ కలిపి పని కానిస్తారు. కాబట్టి ఇందులో ఉప్పు రుచికి మాత్రమే కాదు, పూర్తిగా తగ్గించేయడం వాళ్లకీ కుదరదు.

మిన్నెసోటా_మూర్తి:
స్పామ్ పుట్టిన ఊరు ఆస్టిన్ మా ఇంటి నుంచి కారులో రెండు గంటల లోపే. టెక్సస్ ఆస్టిన్ కాదు, మిన్నెసోటా ఆస్టిన్. అక్కడ దీనికో మ్యూజియం ఉంది, టిక్కెట్ లేదు, చలికాలంలో పిల్లల్ని తిప్పడానికి చోటు దొరక్క తీసుకెళ్లాం. హార్మెల్ కంపెనీ దీన్ని 1937లో మొదలుపెట్టింది, అప్పట్లో పంది భుజం మాంసానికి పెద్దగా గిరాకీ ఉండేది కాదు, దాన్ని ఎలా అమ్మాలా అని ఆలోచించి తొడ మాంసంతో కలిపి ఇది చేశారు. కాబట్టి చెవులు, తోకలు వేస్తారని జోకులేస్తారు గానీ అందులో నిజం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో పాటు పసిఫిక్ దీవులన్నీ తిరిగింది. హవాయి, గువామ్, ఫిలిప్పీన్స్, కొరియా, ఎక్కడ అమెరికా సైన్యం దిగితే అక్కడ ఇది అలవాటైపోయింది. కొరియాలో పండక్కి అందమైన పెట్టెలో పెట్టి గిఫ్టుగా ఇస్తారు. మ్యూజియంలో టూత్‌పిక్‌కి గుచ్చి ముక్కలు ఇచ్చారు, మావిడ తినలేదు, నేను ఆమె వాటా కూడా తిన్నాను.

సముద్రం_సుబ్బు:
మూర్తి గారు చెప్పింది నిజం. నేను వైజాగ్, షిప్పులో పని. కుక్ ఫిలిప్పీన్స్ వాడైతే పొద్దున్నే వెల్లుల్లి వేయించిన అన్నం, గుడ్డు, పక్కన ఈ ముక్కలు. అందరూ లొట్టలేసుకుంటూ తింటారు. కొరియన్లు కొందరు ముక్కల్ని ముందు మరిగే నీళ్లలో వేసి తీసి ఆ నీళ్లు పారబోసి తర్వాత వేయిస్తారు, కొంత ఉప్పు, కొంత కొవ్వు దిగిపోతాయి. డాలస్ తమ్ముడు మీవాడికి ఇది చెప్పు, కనీసం పెనం మీద నూనె పోయొద్దను, దాని కొవ్వే కరిగి దానికి సరిపోతుంది.

ఆవకాయ_అభిమాని:
ఇక్కడందరూ ఉప్పు ఉప్పు అని గోల చేస్తున్నారు. మన ఆవకాయలో ఉప్పు లేదా? మాగాయలో లేదా? ఎండు చేపల్లో? అప్పడాల్లో? వాటి మీద ఎవరూ లేబుల్ అంటించరు కాబట్టి మనకి కనిపించదు. ఇంకోటి, హవాయిలో ఏటా 70 లక్షల టిన్నులు తింటారట, అమెరికా రాష్ట్రాల్లో ఎక్కువ కాలం బతికేవాళ్లలో వాళ్లు ముందుంటారు. కొరియా వాళ్లు కూడా 80 దాటి బతుకుతున్నారు. తెల్లవాళ్లు ఒకరోజు కొబ్బరినూనె విషమంటారు, ఇంకోరోజు అమృతమంటారు. ఆ కుర్రాణ్ని తిననివ్వండి.

డ్యూటీ_డాక్టర్:
ఆవకాయ గారూ, ఉప్పు విషయంలో మీతో నాకు పేచీ లేదు. పచ్చడిలో ఉప్పూ ఉప్పే. మామ గారికి బీపీ ఉంది కాబట్టి ఆయనకి రెండూ తగ్గాలి. కానీ పచ్చడి ఎవరూ గిన్నెడు తినరు, ఇది 170 గ్రాములు తింటున్నారు.

హవాయి లెక్క మాత్రం మీరు సగంలో ఆపేశారు. 70 లక్షల టిన్నులు నిజమే, కంపెనీ తరచూ చెప్పుకునే అంకె. అక్కడి జనాభా 14 లక్షలు. తలకి ఏడాదికి 5 టిన్నులు. 5 టిన్నులంటే 1,700 గ్రాములు, దాన్ని 365తో భాగించండి, రోజుకి 5 గ్రాముల లోపు. టూరిస్టులు తినేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ప్రపంచంలో స్పామ్‌కి మారుపేరైన చోటే సగటున మనిషి తినేది అంత. డాలస్ కుర్రాడి రూమ్మేట్ రోజుకి సగం టిన్ను చొప్పున తింటున్నాడు, హవాయి మనిషి ఏడాదంతా తినేది ఇతను పది రోజుల్లో అవగొడుతున్నాడు. మీరు ఉదాహరణగా తెచ్చిన వాళ్లలా తింటానంటే నాకసలు అభ్యంతరమే లేదు.

ఇప్పుడు అసలు విషయం. 2015 అక్టోబరులో డబ్ల్యూహెచ్ఓ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంటుంది, 10 దేశాల నుంచి 22 మంది నిపుణుల్ని కూర్చోబెట్టి 800కి పైగా అధ్యయనాలు చూసి, ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే ఉప్పు, నైట్రైట్ లాంటివి కలిపి నిల్వకి తయారుచేసినదాన్ని, మొదటి గ్రూపులో పెట్టింది. అంటే పెద్దపేగు క్యాన్సర్ తెస్తుందనడానికి తగినంత ఆధారం ఉందని. రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. మామూలు రెడ్ మీట్, అంటే మేక, గొర్రె, పంది, గొడ్డు మాంసం, ఇవి ఒక మెట్టు కింద, బహుశా తెస్తుందేమో అన్న గ్రూపులో ఉన్నాయి.

మొదటి గ్రూపులోనే సిగరెట్టు కూడా ఉంది కాబట్టి రెండూ ఒకటే అని అప్పట్లో వార్తలు రాసేశారు. కాదు. గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదన్నది, ముప్పు ఎంత పెద్దదన్నది కాదు. 18 శాతం అంటే నూటికి 18 మందికి వస్తుందని కూడా కాదు. అమెరికాలో జీవితకాలంలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 4 అనుకుంటే అది 5కి దగ్గరవుతుంది. ఒక మనిషికి చిన్న తేడా, కోట్ల మందికి పెద్ద తేడా. భయపడి టిన్ను బయట పారేయాల్సిన పని లేదు, రోజూ తినాల్సిన పనీ లేదు. ఇక్కడ టెన్షన్ పడాల్సింది ఆ "రోజూ" గురించే.

ఆవకాయ_అభిమాని:
లెక్క బాగానే చేశారు డాక్టర్ గారూ, హవాయి సంగతి వదిలేస్తున్నా. కానీ టిన్ను మాంసంలో కలిపే నైట్రైట్ క్యాన్సర్ తెస్తుందని జనం భయపెడుతుంటారు, పాలకూరలో దాని బంధువు నైట్రేట్ ఉండదా? బీట్‌రూట్‌లో? మరి అవి తినమంటారే?

డ్యూటీ_డాక్టర్:
ఉంటుంది, మాంసంలో కన్నా ఎక్కువే ఉంటుంది. తేడా దాని చుట్టూ ఏముందన్నది. కూరలో నైట్రేట్‌తో పాటు విటమిన్ సి, ఇంకా రకరకాల పదార్థాలు ఉంటాయి, నైట్రేట్ ఒంట్లో నైట్రైట్ అయినా, అది నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలుగా మారకుండా అవి అడ్డుకుంటాయి. మాంసంలో ఉండేది ప్రోటీన్ నుంచి వచ్చే అమైన్లు, రక్తపు ఎరుపునిచ్చే హీమ్ ఇనుము. ఆ రెండూ ఆ మార్పుని ప్రోత్సహిస్తాయి, పైగా పెనం మీద బాగా మాడ్చితే ఇంకా ఎక్కువ. అందుకే కొన్ని కంపెనీలు నైట్రైట్‌తో పాటు ఎరిథోర్బేట్ అనే విటమిన్ సి బంధువుని కలుపుతాయి. యూరప్‌లో కలపగల నైట్రైట్ మోతాదు ఈమధ్య ఇంకా తగ్గించారు కూడా.

రిటార్ట్_రాజు:
దీనికి ఇంకో ముక్క. "నైట్రైట్ కలపలేదు" అని పెద్ద అక్షరాల్లో రాసి, వెనక చిన్న అక్షరాల్లో సెలరీ పౌడర్ (సెలరీ అనే కాడల కూర పొడి) అని రాసిన ప్యాకెట్లు అమెరికాలో ఎక్కువ రేటుకి అమ్ముతారు. సెలరీలో ఉన్న నైట్రేటే బాక్టీరియా సాయంతో నైట్రైట్ అవుతుంది, మాంసంలో చేసే పని అదే. దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. లోపల గులాబీ రంగు కనిపిస్తోందంటే నైట్రైట్ ఏదో ఒక దారిన వచ్చిందనే లెక్క, లేకపోతే ఉడికిన మాంసం మన మేక కూరలా బూడిద గోధుమ రంగులో ఉంటుంది.

మోడరేటర్:
ఏ మాంసం ఎవరు తినాలి, ఎవరు తినకూడదు అని మతం, కులం మీదికి మళ్లించిన నాలుగు పోస్టులు తీసేశాను. ఎవరి అలవాటు వారిది. పోషకాల గురించి మాట్లాడుకోండి.

రెండేళ్ల_బాబు_తల్లి:
ఒక సందేహం. నాకు ఇప్పుడు ఐదో నెల. ఆఫీసు కాంటీన్‌లో డెలీ హామ్ శాండ్‌విచ్ తినొద్దని మా డాక్టర్ చెప్పారు, లిస్టీరియా అనే బాక్టీరియా ఉండొచ్చట. మరి టిన్నులోది కూడా అంతేనా? నాకు కార్న్‌డ్ బీఫ్ అంటే ఇష్టం, పైగా ఐరన్ తక్కువుందన్నారు.

డ్యూటీ_డాక్టర్:
అమ్మా, లిస్టీరియా వరకూ సీలు తీయని టిన్ను నయం, ఎందుకంటే అది మూసిన తర్వాత లోపలే ఉడికింది. చల్లగా కోసి అమ్మే డెలీ మాంసానికి ఆ రక్షణ లేదు. తెరిచాక వెంటనే వేరే డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి. ఉప్పు మాట మాత్రం మర్చిపోవద్దు, బీపీ చూపించుకుంటూ ఉండండి. ఐరన్ కోసమే తింటానంటే వద్దు, మీకిచ్చిన మాత్రలు మానకుండా వేసుకోండి.

లేబుల్_లక్ష్మి:
కార్న్‌డ్ బీఫ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నా, లంచన్ మీట్‌నీ దాన్నీ ఒకే గాటన కట్టకూడదు. 100 గ్రాముల కార్న్‌డ్ బీఫ్‌లో 250 కేలరీలు, ప్రోటీన్ 27 గ్రాముల దాకా, కొవ్వు 15. అదే 100 గ్రాముల స్పామ్ అయితే 320 కేలరీలు, ప్రోటీన్ 12 లేదా 13, కొవ్వు 28 పైన. ప్రోటీన్ రెట్టింపు, కొవ్వు సగం. సోడియం మాత్రం కార్న్‌డ్ బీఫ్‌లోనూ 900 దగ్గర ఉంటుంది, అది తప్పదు. విటమిన్ల సంగతి అడిగితే బి12, జింక్ టిన్నులో ఉడికినా చాలావరకు నిలుస్తాయి. బి1 వేడికి తట్టుకోదు, పంది మాంసంలో సహజంగా అది బాగా ఉంటుంది గానీ టిన్నుకెళ్లేసరికి చాలా పోతుంది. పీచు సున్నా, విటమిన్ సి కోసం వెతకడం దండగ.

సముద్రం_సుబ్బు:
రాజు గారూ, పాత కెప్టెన్ ఒకాయన కార్న్‌డ్ బీఫ్ టిన్ను వల్ల స్కాట్లాండ్‌లో ఊరు ఊరంతా టైఫాయిడ్ వచ్చిందని చెప్పేవాడు, అది నిజమేనా లేక షిప్పు కబుర్లా?

రిటార్ట్_రాజు:
నిజమే. 1964, ఆబర్డీన్. అర్జెంటీనా నుంచి వచ్చిన టిన్ను. మాంసం బాగానే ఉడికింది, తప్పు ఆ తర్వాత జరిగింది. రిటార్ట్ నుంచి తీసిన వేడి టిన్నుల్ని చల్లార్చడానికి క్లోరిన్ కలపని నది నీళ్లు వాడారు. చల్లారేటప్పుడు టిన్ను లోపల గాలి కుంచించుకుని లోపలికి లాగుతుంది, అతుకులో కంటికి కనపడని సందు ఉన్నా ఆ నీరు చొరబడుతుంది. ఊళ్లో దుకాణంలో టిన్ను తెరిచి స్లైసింగ్ మెషిన్ మీద కోశారు, అదే మెషిన్ మీద మిగతా మాంసాలూ కోశారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. మేము ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు చల్లార్చే నీటి మీద ఒక పూట మొత్తం క్లాసు తీసుకునేవారు, కారణం ఇదే. ఉబ్బిన టిన్ను, అతుకు దగ్గర నొక్కుకుపోయిన టిన్ను, తెరవగానే బుస్సుమని చిమ్మిన టిన్ను, వీటిని వాసన చూసి కూడా తేల్చకండి, నేరుగా పారేయండి. బోట్యులిజం విషానికి వాసన ఉండాలని లేదు.

కువైట్_మామ:
రాజూ, ఇంకొక్క మాట. మేము టిన్నులు మంచం కింద పెట్టెలో పెడతం, డ్రైవరు తమ్ముడు ఒకడు బండి డిక్కీలోనే ఉంచుతడు. ఎండాకాలం ఇక్కడ 48, 50 దాకా పోతది. టిన్నే కదా అని పట్టించుకోలే. ఇయ్యాల నా టిన్ను చదివిన, చికెన్ లంచన్. మొదటి పేరు నువ్వన్నట్టే మెకానికల్లీ డీబోన్డ్ చికెన్, తర్వాత నీళ్లు, స్టార్చ్, సోయా, ఉప్పు, మసాలా, ఫాస్ఫేట్, నైట్రైట్.

రిటార్ట్_రాజు:
మామా, ఏసీ ఉన్న గదిలో మంచం కింద ఫర్లేదు. డిక్కీలో మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. 30 డిగ్రీల లోపు ఉంచమని అంటారు. వేడి చోట మాత్రమే పెరిగే బాక్టీరియా కొన్నుంటాయి, వాటి స్పోర్లు మామూలు ఉడుకుకి చావవు, మామూలు వాతావరణంలో నిద్రపోతుంటాయి, బండి డిక్కీ లాంటి వేడి దొరికితే లేస్తాయి.

డ్యూటీ_డాక్టర్:
మామ గారూ, ఆ ఫాస్ఫేట్ కూడా గుర్తుపెట్టుకోండి. కిడ్నీలు బాగున్నవాళ్లకి పెద్ద ఇబ్బంది కాదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు, అంటే కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లు, మీ గదిలో ఉంటే వాళ్లు ఈ టిన్ను ముట్టకూడదు, ఇలా కలిపిన ఫాస్ఫేట్ మామూలు ఆహారంలో ఉన్నదానికన్నా ఎక్కువగా ఒంటికి పడుతుంది. మీరు వారంలో ఎన్నిసార్లు తింటున్నారో అది సగం చేయండి, తిన్న రోజు ఆ కూరలో ఉప్పు అసలు వేయొద్దు, పెరుగన్నంలో పచ్చడి ఆ పూటకి మానండి. తర్వాత బీపీ చూపించుకోండి, మందు విషయం మీ డాక్టరుతో మాట్లాడండి, మీ అంతట మీరు ఆపొద్దు.

లేబుల్_లక్ష్మి:
మామా, అదే బకాలాలో నీళ్లలో ఉన్న ట్యూనా టిన్ను దొరుకుతుంది చూడండి. నీళ్లు వంపేశాక కూడా చిన్న టిన్నులో 20 గ్రాముల పైన ప్రోటీన్, 100 కేలరీల అటూ ఇటూ, కొవ్వు దాదాపు లేదు, నైట్రైట్ లేదు. ఉప్పు ఉంటుంది గానీ లంచన్ దానికన్నా బాగా తక్కువ. ఖుబూస్‌లోకి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండుకుంటే మీరు చేసే పనే, పొయ్యి కోసం లైన్లో నిలబడే పని కూడా లేదు. ఇందాక అడిగిన చెల్లెలికి కూడా ఇదే, కాకపోతే లైట్ ట్యూనా తీసుకోమ్మా, తెల్ల ఆల్బకోర్ రకంలో పాదరసం ఎక్కువ, గర్భిణులు అది వారానికి ఒకసారికి మించకూడదు.

సముద్రం_సుబ్బు:
సార్డిన్ టిన్ను మర్చిపోయారు అందరూ. మన కవళ్లే. ముల్లుతో సహా మెత్తగా ఉడికిపోయి ఉంటాయి కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. టమాటా సాస్‌లో ఉన్నవి కొని రెండు ఎండుమిర్చి, కాస్త చింతపండు పులుసు తగిలిస్తే షిప్పులో నా చుట్టూ జనం.

డాలస్_బ్యాచిలర్:
అప్‌డేట్: హవాయి లెక్క మావాడికి చదివి వినిపించా. కాసేపు కాలిక్యులేటర్ తీసి తనే మళ్లీ చేసుకున్నాడు, తర్వాత మాట్లాడలేదు. కేసులో మిగిలినవాటిలో సగం పక్క అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ కుటుంబానికి ఇచ్చేశాం, వాళ్లు చాలా సంతోషించారు, మాకు గుడ్డు వేసిన వేపుడు అన్నం పంపించారు. మిగతావి ఉన్నాయి. వాడు ఇప్పుడు ఒక పూటకి ఒకే ముక్క, సన్నగా చిన్న చిన్న ముక్కలు కోసి క్యాబేజీ, గుడ్డుతో కలిపి ఉప్పు వేయకుండా వేయిస్తున్నాడు. నిజంగా ఉప్పు సరిపోతోంది. సుబ్బు అన్నా, సార్డిన్స్ కొన్నా. వాసన పోవడానికి ఏం చేయాలి? మా అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం కూడా ఊరికే మోగుతుంది.

సముద్రం_సుబ్బు:
కిటికీ తీసి, మూత పెట్టి, తక్కువ మంట మీద చెయ్యి. వేయించొద్దు, పులుసులోనే ఉడకనివ్వు. తిన్న వెంటనే టిన్ను కడిగి బయట పడెయ్యి, తెల్లారేదాకా చెత్తబుట్టలో ఉంచావంటే ఆ వాసన నెల పోదు.

మిన్నెసోటా_మూర్తి:
స్పామ్ వేయించగా మిగిలిన కొవ్వు సింకులో పోయకండి బాబూ. చల్లారగానే గొట్టంలో గడ్డకడుతుంది, ప్లంబర్ బిల్లు మీ అపార్ట్‌మెంట్ వాళ్లు మీకే వేస్తారు. ఖాళీ టిన్నులోకే వంపి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి.

పప్పుచారు_ప్రియుడు:
ఇంత చర్చ జరిగేలోపు కుక్కర్ చల్లారి మూత కూడా వచ్చేసేది.